కెరటాల తెరిపి

మా ఊరి ఒడ్డున సముద్రం ఊరికే ఉండదు. లోపల ఎంత నెమ్మదిగా ఉన్నా ఒడ్డు దగ్గర మాత్రం కెరటాలు గోడల్లా లేచి విరుగుతాయి. వేటకు వెళ్లాలంటే పడవ ముందు వాటిని దాటాలి. పెద్ద కెరటాలు వరసగా వచ్చి కొట్టాక కాసేపు నీళ్లు సర్దుకుంటాయి. వాన ఆగి తెరిపి ఇచ్చినట్టే అదీ. మావాళ్లు దాన్ని తెరిపి అనే అంటారు. ఆ తెరిపిలో తోస్తే పడవ దాటుతుంది. ఒక్క కెరటం ముందు తోసినా, ఒక్క కెరటం వెనక తోసినా తిరగబడుతుంది.

ఆ తెరిపి చూసేవాడు నా భర్త ఎర్రయ్య.

సాయంత్రం ఒడ్డంట నడిచి, తడి ఇసుకని మడమతో నొక్కి చూసి, మర్నాడు ఎలా ఉంటుందో చెప్పేవాడు. "రేపు దచ్చినం నుంచి బరువుగా వస్తాది. ఒకటే తెరిపి. అది తప్పిపోతే ఇంటికాడ కూకుని వలలు బాగుసేసుకోండి" అనేవాడు. తెల్లారేసరికి పడవలన్నీ ముక్కు నీళ్లవైపు పెట్టి ఉండేవి. మగవాళ్లు వాటికి అటూ ఇటూ చేతులు వేసి నిలబడేవారు. ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూసేవాడు. ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. చివరికి చెయ్యెత్తి "తొయ్యండ్రా!" అని కేక పెట్టేవాడు.

నేను ఆ వేళకి చద్దన్నం క్యాను పట్టుకుని ఇసుకదిబ్బ ఎక్కి దిగేదాన్ని. క్యాను పడవలో పెట్టి పక్కకి తప్పుకోగానే కేక వినపడేది. అది చూసి ఆడవాళ్లు నన్ను ఆట పట్టించేవారు.

"కొర్లమ్మక్కకి గడియారం కడుపులో ఉన్నాది. పొయ్యి రాజని రోజు కూడా పడవ కదిలే ఏలకి వచ్చీసింది సూడు" అనేది నా తోడికోడలు బంగారి.

"నీలాగ అద్దం ముందు కూకుంటానేటే?" అనేదాన్ని.

నాకది గర్వంగా ఉండేది. పెళ్లయిన నాటి నుంచి ఒక్కనాడూ నేను ఆలస్యం కాలేదు.

ఒక ఏడాది ఆయనకి టైఫాయిడ్ వచ్చి పట్నం ఆసుపత్రిలో పడుకున్నాడు. ఇక్కడ ఇంకెవరో తెరిపి చూశారు. పడవ రెండో కెరటం మీద నిలువునా లేచి వెనక్కి పడింది. కింద ఆయన తమ్ముడు చిన్నయ్య ఉన్నాడు. బంగారి మొగుడు. ఒడ్డున ఉన్నవాళ్లందరూ చూస్తుండగానే, చెయ్యి చాపితే అందేంత దూరంలో పోయాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన తిండి మీద ధ్యాస పెట్టలేదు. మా అబ్బాయి ధనరాజునీ, వాడి ఈడు వాళ్లనీ నీళ్లలో నిలబెట్టి నేర్పబోయాడు.

"అదిగో, ఇప్పుడొస్తాది సూడు."

"ఎలగ తెలిసింది నాన్నా?"

"ఎలగేటి? తెలిసిపోతాది."

"అదే, ఎలగ?"

ఆయన మళ్లీ కెరటాల వైపే చెయ్యి చూపేవాడు. ఇంటికొచ్చి నాతో అనేవాడు. "నా నోటికి రాదే అది. ఒంట్లో ఉన్నాది. నాను పోతే నాతోనే పోతాది. తరవాత ఆళ్లు ఎవుణ్ణి సూసి తోస్తారు?"

తుపాను షెల్టరు పక్కన సముద్ర పరిశోధన కేంద్రం కట్టింది అప్పుడే. మేడ మీద ఇనప స్తంభం, దాని కొసన అటూ ఇటూ తిరిగే కెమెరా. మేం దాన్ని కన్ను అనేవాళ్లం. దాన్ని చూసుకునే వైదేహి మేడం ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"రేపు ఈ తీరమంతా కెరటాలు ఎంత ఎత్తున వస్తాయో నేను చెప్పగలను ఎర్రయ్య గారూ. మీ ఊరి ముందు ఏ కెరటం తర్వాత తెరిపి వస్తుందో మాత్రం చెప్పలేను. అడుగున ఇసుక రోజుకో చోటికి కదులుతుంది. నా యంత్రానికి అది పట్టుబడటం లేదు. మీకు పట్టుబడింది."

"నాకు తెలుసు గానీ సెప్పలేను తల్లీ."

"మీరు చెప్పనక్కర్లేదు. మీరు చూస్తున్నప్పుడు మీ తలలో ఏం జరుగుతుందో దాన్ని యంత్రంలోకి ఎక్కిస్తాం."

ఆమె ఏదీ దాచలేదు. ఇంత పని మనిషి మీద ఇంతవరకు ఎవరూ చేయలేదనీ, ఏదైనా తేడా రావచ్చనీ చెప్పింది. ఆయన చిన్నయ్య ఫోటో వైపు చూసి సరేనన్నాడు.

మర్నాటి నుంచి ఆయన తల మీద ఒక టోపీ. దాని నిండా వల పోగులకంటే సన్నటి తీగలు. జబ్బకి మందు సూది. ఆ మందు లోపలి దారులని తెరిచి పెడుతుందట. ఆయన ఎప్పటిలాగే నీళ్లలో నిలబడి చూసేవాడు, కేక పెట్టేవాడు. మేడ మీద యంత్రం ఆయన వెనకే నేర్చుకునేది. ఊళ్లోవాళ్లు నవ్వేవారు.

"ఎర్రయ్య మావా, కొత్త పెళ్లికొడుకులాగున్నావు. బాసికం అదిరింది!"

"నీకూ ఒకటి కట్టిస్తానుండ్రా" అనేవాడు.

వానాకాలం దాటేసరికి యంత్రం చాలా వరకు నేర్చుకుంది. ఇంట్లో ఏదో తప్పుతోందని నాకు అప్పుడే తెలిసింది.

మొదట టీ దగ్గర. ఆయన ఫ్లాస్కు వంచాడు. గ్లాసు నిండింది. ఆయన వంచుతూనే ఉన్నాడు. టీ పొంగి తొడ మీద పడ్డాక ఉలిక్కిపడి చూశాడు. తరవాత గడప తట్టుకోవడం. ముప్పై ఏళ్లుగా దాటుతున్న గడప! ధనరాజు తాళంచెవి విసిరితే ఒకప్పుడు చూడకుండానే పట్టేసేవాడు. ఇప్పుడది గుండెకి తగిలి కిందపడేదాకా చేతులు లేవలేదు.

మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె చాలాసేపు పరీక్షలు చేసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"రాబోయేదాన్ని ముందే అందుకునే దారి ఒకటి తలలో ఉంటుందమ్మా. గ్లాసు నిండబోతోందనీ, మెట్టు వస్తోందనీ, కెరటం లేవబోతోందనీ చెప్పేది ఆ ఒక్క దారే. మేం తీసుకుంటున్న కొద్దీ అది అరిగిపోతోంది. ఇలా అవుతుందని నేను అనుకోలేదు. ఈరోజుతో ఆపేద్దాం."

"ఆపితే తిరిగొస్తాదా?" అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన టోపీని ఒళ్లో పెట్టుకుని దాని తీగలు సవరిస్తున్నాడు. "సగం నేర్చిన యంత్రం ఏటి సేస్తాది తల్లీ? సగం పడవల్ని దాటిస్తాదా?"

"ఎర్రయ్య గారూ..."

"నా కాడ పోయింది ఎలాగా రాదన్నావు కదా. మిగిలింది కూడా తీసీసుకో. పూర్తిగా నేర్పించీ."

"మావా, వద్దు" అన్నాను. ఇంటికొచ్చాకా అన్నాను, ఏడ్చాను, రెండు రోజులు మాట్లాడటం మానేశాను. ఆయన నా ఎదురుగా కూర్చుని ఒకటే మాటన్నాడు. "బంగారి బొట్టు చెరిపిననాడు నీ చెయ్యే పట్టుకుంది. మరిచిపోనావేటే?"

మర్నాడు ఆయన టోపీ నేనే చేతికందించాను.

యంత్రం సొంతంగా పని మొదలుపెట్టిన రోజు ఊరంతా ఒడ్డున ఉంది. ముందు సాయంత్రం స్తంభం మీద పచ్చదీపం వెలిగింది. మర్నాడు వేట ఉందని దాని అర్థం. తెల్లారి పడవలు సిద్ధంగా ఉన్నాయి. నేను ధనరాజు పడవలో క్యాను పెట్టి పక్కకి తప్పుకున్నాను. కన్ను నీళ్లవైపు తిరిగింది. మేడ మీద హారన్ మోగింది. పడవలన్నీ ఒక్క ఊపున దాటిపోయాయి. ఒక్కటీ తడవలేదు. మగా ఆడా అరుపులు, ఈలలు. ఆ హారన్‌కి అందరికంటే ఎక్కువ అదిరిపడింది ఎర్రయ్యే. తరవాత చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

అప్పటి నుంచి మా ఒడ్డున పడవ తిరగబడలేదు. కుర్రాళ్లు కెరటాలు చూడటం మానేశారు. హారన్ వింటే చాలు. ఒకసారి నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. ముందు సాయంత్రం పచ్చదీపం వెలిగినా ఆ రోజు హారన్ మోగలేదు. సముద్రం మనసు మార్చుకుందన్నారు. అందరూ ఇంటి దగ్గరే ఉండిపోయారు.

నేను చేపల గంప ఎత్తుకుని సంత నుంచి వచ్చేసరికి ఆయన ఒకప్పుడు రోడ్డు మలుపులో కల్వర్టు మీద కూర్చుని ఉండేవాడు. ఆటో ఆలస్యమైతే ఎదురు నడిచి వచ్చేవాడు. "ఏటే, సంతంతా కొనీసినావేటి?" అని గంప అందుకునేవాడు. ఇప్పుడా కల్వర్టు ఖాళీ. ఇంట్లో ఎక్కడో కూర్చుని గోడ చూస్తుండేవాడు. నేను లోపలికి అడుగుపెట్టగానే ఉలిక్కిపడి, ముఖమంతా వెలిగిపోయి, "వచ్చినావేటే!" అనేవాడు. రోజూ అంతే ఆశ్చర్యం. బంగారి నవ్వుతూ, "పెళ్లయిన ఇన్నేళ్లకి మొగుడు నిన్ను సూసి మురిసిపోతన్నాడు, నీ అదృష్టం" అంది. నేనూ నవ్వాను. నేను వెళ్లానని ఆయనకి గుర్తుండేది. వస్తానని మాత్రం తెలిసేది కాదు.

చలికాలం చివర్లో ఒక సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కోవడానికి నీళ్ల దగ్గరికి వెళ్లాడు. మర్నాడు వేట లేదని స్తంభం మీద ఎర్రదీపం ఉంది. ఎండబెట్టిన చేపలు ఎత్తుకుంటున్న బంగారి పెద్ద కెరటాన్ని చూసి "బావా, ఎనక్కి రా!" అని అరిచింది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడట. అది లేవడం, వంగడం, దగ్గరకు రావడం అన్నీ చూశాడట. అది తన మీదికే వస్తుందని తెలియలేదు. ముక్కుపచ్చలారని పిల్లలు కూడా తప్పుకునే కెరటం. అది ఆయన్ని పడేసి, లోపలికి లాగి, నేను పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం లేకుండా తెచ్చి నా ముందు పెట్టింది.

మాలో భర్త పోయిన మనిషి పడవలు నీళ్లలోకి దిగే వేళ ఒడ్డుకి రాకూడదు. పడవ ముక్కుకి ఎదురు పడకూడదు. బంగారి ఏళ్ల తరబడి పడవలు వెళ్లిపోయాకే దిబ్బ దిగుతోంది. ఇప్పుడు నేనూ అంతే. తెల్లవారుజామునే లేచి క్యాను కట్టేదాన్ని. కోడలు దాన్ని అందుకుని వెళ్లేది. నేను గుమ్మంలో కూర్చుని హారన్ కోసం వినేదాన్ని.

హారన్ మోగలేదు.

ముందు సాయంత్రం పచ్చదీపం, పొద్దున్న మౌనం. మొదటిరోజు ఎర్రయ్యకి దండం పెట్టి వెనక్కి వచ్చారు. యంత్రం కూడా మైల పట్టిందన్నారు. పెద్దకర్మ అయిపోయింది. అయినా మోగలేదు. మేడం కేంద్రంలోనే ఉండిపోయి తీగలన్నీ విప్పి చూసింది. ఎక్కడా లోపం లేదు. విసిగిపోయి అప్పన్న అనే కుర్రాడు సొంతంగా పడవ తోశాడు. అది విరిగి రెండు ముక్కలైంది. అతని భుజం ఎముక బయటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ధనరాజు అన్నం ముందు కూర్చుని అన్నాడు. "రేపు నాను తోస్తానమ్మా."

"నీకు తెరిపి తెలుసేటిరా?"

"తెలీదు. మరేటి సెయ్యమంటావు? ఒడ్డున కూకుని సచ్చిపోమంటావా?"

చిన్నయ్య మీద పడిన పడవ కళ్ల ముందు లేచి నిలబడింది.

సాయంత్రం మేడం వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండా వెనక్కి తిరిగి స్తంభం వైపు చూసింది. మా ఇల్లు దిబ్బకి ఇవతల వీధి చివరిది. అక్కడి నుంచి స్తంభం బాగా కనపడుతుంది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. ఆ కన్ను పొద్దున్న పూట సముద్రాన్ని చూడటం లేదు. మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది. చెడిపోయిందేమో అనుకున్నాను. రోజూ ఒకే చోటికి తిరుగుతోంది. దిబ్బ మీదికి, మీ వీధి వైపుకి. ఆ వేళ అటునుంచి ఎవరొచ్చేవారు?"

కోడలు పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. ధనరాజు నా వైపు చూశాడు.

"ఆయన తల నుంచి మేం తీసుకున్నది కెరటాల చూపు మాత్రమే అనుకున్నాం" అంది మేడం. "ఆయనకి కెరటం కోసం చూడటం, మీ కోసం చూడటం రెండు వేరు వేరు పనులు కావు. మీరు వచ్చి పక్కకి తప్పుకున్నాకే ఆయన దృష్టిలో తెరిపి. అంతకు ముందు ఎన్ని తెరిపులు వచ్చినా వదిలేసేవాడు."

నాకు నా జ్వరం రోజు గుర్తొచ్చింది. పొయ్యి రాజని రోజులు గుర్తొచ్చాయి. వానకి కట్టెలు తడిసిన రోజులు, పిల్లాడు ఏడ్చి కదలనివ్వని రోజులు, ఇసుకలో కాలు బెణికి కుంటుకుంటూ వచ్చిన రోజు. ఏ ఒక్క రోజూ నేను ఆలస్యం కాలేదు. నీళ్లలో నిలబడ్డ ఆ మనిషి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసినట్టు నాకు తెలియదు.

మర్నాడు నేనే క్యాను పట్టుకుని బయల్దేరాను. కులపెద్ద నరసయ్య దిబ్బ కింద అడ్డం వచ్చాడు.

"కొర్లమ్మా, ఎర్రయ్య అంటే నాకు దేవుడితో సమానం. అయినా ఇది పద్ధతి కాదు. పడవల ముందుకి నువ్వొస్తే ఎవుడూ ఎక్కడు."

"ఆళ్లు ఎక్కకపోతే ఎనక్కి దిగిపోతాను పెద్దయ్యా. ఒక్కసారి ఆ కన్నుకి కనిపించనీ."

"ఏదైనా అయితే?"

వెనక నుంచి బంగారి గొంతు లేచింది. "నా మొగుడు పోయిననాడు పడవకి ఏ ముండమోపి ఎదురొచ్చింది పెద్దయ్యా? ఒడ్డునిండా పుణ్యస్త్రీలే ఉన్నారు కదా!"

నరసయ్య పక్కకి తప్పుకున్నాడు. నేను దిబ్బ ఎక్కాను. పడవల దగ్గర మగవాళ్లు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. స్తంభం మీద కన్ను నా వైపే తిరిగి ఉంది. నేను దిగుతుంటే నాతోపాటే దిగింది. క్యాను ధనరాజు పడవలో పెట్టాను. పక్కకి తప్పుకున్నాను.

కన్ను మెల్లగా సముద్రం వైపు తిరిగింది. ఒక వరస వచ్చి విరిగింది. హారన్ మోగింది.

ఎవరూ కదల్లేదు. అందరి చేతులూ పడవల మీదే ఉన్నాయి, కళ్లు నా నుదుటి మీద ఉన్నాయి. ధనరాజు ఒక్కసారి నన్ను చూసి, అచ్చం వాళ్ల నాన్న గొంతుతో, "తొయ్యండ్రా!" అని అరిచాడు.

ఆ రోజు అన్ని పడవలూ దాటాయి.

తరవాత నేను రోజూ వెళ్లాను. మొదట్లో తిప్పుకున్న ముఖాలు తరవాత తిప్పుకోలేదు. నాకు ఒంటరిగా అనిపించిన రోజుల్లో తెల్లవారుజాము కోసం కాచుకునేదాన్ని. దిబ్బ ఎక్కగానే కన్ను నన్ను వెతికి పట్టుకునేది. ఆయన ప్రాణంతో ఉన్న చివరి రోజుల్లో నా కోసం చూడలేదు. ఇక్కడ ఇంకా చూస్తున్నాడు.

వానాకాలం మళ్లీ వచ్చింది. ఒక పొద్దున్న దిబ్బ మీద గాజుపెంకు నా పాదంలో దిగింది. కూర్చుని తీసుకుని కట్టు కట్టుకునే లోపు రెండు తెరిపులు వచ్చి పోయాయి. నేను చేరేసరికి సముద్రం ముదిరింది. హారన్ మోగింది గానీ ఆ తెరిపి పొట్టిది. చివరి పడవని కెరటం పక్కనుంచి కొట్టింది. ముగ్గురు నీళ్లలో పడ్డారు. ఈదుకుని వచ్చారు. ఒకడికి పళ్లు రాలాయి.

నేనే మేడం దగ్గరికి వెళ్లాను.

"నన్ను దాన్లోంచి తీసీగలవా తల్లీ? కెరటాల్ని ఉంచీసి?"

"చేయగలను. కొన్నాళ్లుగా దాని మీదే పని చేస్తున్నాను. మీకు చెప్పడానికి నోరు రాలేదు."

ధనరాజు ఒప్పుకోలేదు. "అలగే ఉండనీ అమ్మా. నాన్న ఇంకెక్కడున్నాడు?"

"నా మోకాళ్లు పనిచేసినన్నాళ్లేరా ఇది. ఒకనాడు నాను రాను. ఆనాడు మీరంతా ఏ కెరటం కింద పడతారు? మీ నాన్న దేనికోసం అంత పోగొట్టుకున్నాడు?"

వాడు లుంగీ అంచుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

"ఒక్కరోజు ఆగు" అని మేడంని అడిగాను.

ఆ మర్నాడు సముద్రం చేటలో బియ్యంలా తేలిగ్గా కదులుతోంది. తెరిపికి కొదవలేని రోజు. నేను కావాలనే దిబ్బకి ఇవతల కూర్చున్నాను. క్యాను ఒళ్లో పెట్టుకుని విన్నాను. వరస విరిగింది, నీళ్లు సర్దుకున్నాయి. హారన్ లేదు. మళ్లీ విరిగింది, మళ్లీ సర్దుకున్నాయి. లేదు. అవతల నుంచి ఎవరో "ముసల్ది ఇంకా రాలేదేటిరా?" అనడం, ధనరాజు "ఉండ్రా, వస్తాది" అనడం వినపడింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన నాకోసం ఎలా నిలబడ్డాడో ఆ కాసేపూ కూర్చుని విన్నాను. తరవాత లేచి దిబ్బ ఎక్కాను. కన్ను అప్పటికే అక్కడ ఉంది.

"వచ్చినాను మావా" అన్నాను.

హారన్ మోగింది.

ఆ సాయంత్రం మేడం పని పూర్తి చేసింది.

తెల్లారి ఎప్పటిలాగే లేచి పొయ్యి రాజేశాను. ఎప్పటి వేళకే క్యాను కట్టాను. ఎప్పటి నడకే నడిచాను. దిబ్బ సగం ఎక్కేసరికి అవతల హారన్ మోగింది.

పైకి చేరేసరికి పడవలు కెరటాలు దాటి వెలుతుర్లోకి వెళ్లిపోతున్నాయి. ఒక్కటీ తడవలేదు. స్తంభం మీద కన్ను సముద్రాన్నే చూస్తోంది. నేను చాలాసేపు నిలబడ్డాను. అది తిరగలేదు.

ధనరాజు అన్నం నా చేతిలోనే ఉండిపోయింది. నా బతుకులో మొదటిసారి నేను ఆలస్యంగా వచ్చాను.